సూదియాకులలో కాపురముండు శిలీంధ్రములు

శిలీంధ్రమనగానే మనకు తెగులు జ్ఞప్తికి వచ్చును. వరికి అగ్గితెగులు, వేరుశనగకు తిక్కతెగులు, ఊరగాయ జాడీలో తడిగరిటె పెట్టినచో మరునాటికి పైకి తేలు తెల్లని బూజు, ఇవియే మన యెరుకలోని శిలీంధ్రములు. ఆకుపై మచ్చ కనబడినచో లోపల శిలీంధ్రమున్నదని తలంతుము. మచ్చ లేనిచో ఆకు శుభ్రముగా నున్నదని నమ్ముదుము. ఈ రెండవ మాట నిజము కాదు. ఏ మచ్చయు లేక పచ్చగా నిగనిగలాడు ఆకులోపల సహితము శిలీంధ్రములు ఏండ్ల తరబడి నివసించుచుండును. అవి ఆకును చంపవు, ఎండింపవు. పైకి కనబడనైనను కనబడవు. అట్టివానిని గూర్చి ఈ వ్యాసమున చెప్పదలచితిమి. ఇందుకు సూదియాకు చెట్లను ఉదాహరణముగా గైకొనుటకు కారణము కలదు. ఆ చెట్లలో ఆకు వయస్సును కొమ్మను చూచియే లెక్కింపవచ్చును. ఆకు ముదిరిన కొలది లోపలి కాపురము ఎట్లు పెరుగుచున్నదో తెలిసికొనుటకు అంతకంటె అనువైనది లేదు.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. భూగోళ పాఠములలో శృంగాకారపు అడవులని మీరు చదివియుందురు. కొన్ని పుస్తకములలో శంఖాకారపు అడవులని యున్నది. రెండు పేర్లును చెట్టు ఆకారమును చెప్పుచున్నవి. కాని పాశ్చాత్యులు పెట్టిన పేరునకు మూలము చెట్టు ఆకారము కాదు. ఆ చెట్టు మోయు పొలుసుల కాయ. శంకువు వంటి కాయను మోయునది అని లాటిను భాషలో ఆ మాటకు అర్థము. తెలుగు చెప్పువారము గనుక ఈ చిన్న తగవును ఇచటనే విడిచి ముందుకు పోలేకపోయితిమి. ఇకమీదట వానిని సూదియాకు చెట్లనియే పిలుతుము. పైన్, ఫర్, స్ప్రూస్, హిమాలయములలోని దేవదారు, ఇవి యన్నియు ఆ కుటుంబములోనివే.

తమిళులు సవుక్కు అని పిలుచు సరుగుడు కూడ ఇట్టిదే కదా యని మీలో కొందరు అడుగవచ్చును. కాదు. సరుగుడు పూలు పూచు చెట్ల తెగలోనిది. దాని సన్నని పచ్చని పోగులు ఆకులు కావు, రెమ్మలు. ఒక పోగును గణుపు కడ త్రుంచి ఎండకు ఎత్తి చూడుడు. గణుపు చుట్టును పలువరుస వలె మిక్కిలి చిన్న పొలుసులు కనబడును. అవియే సరుగుడు ఆకులు. నిజమైన సూదియాకు చెట్టును చూడవలెనన్న మన ప్రాంతము వారు నీలగిరులలోనో కొడైకెనాలులోనో నాటిన పైన్ తోటలకు పోవలసినదే.

మేము తీసికొను ఉదాహరణము మాత్రము మిక్కిలి దూరదేశమునందలిది. డగ్లస్ ఫర్ అను చెట్టు ఉత్తర అమెరికా ఖండపు పశ్చిమ భాగమున, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రములలోను, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోను అడవులకు అడవులుగా పెరుగును. స్కాట్లండు దేశీయుడగు డేవిడ్ డగ్లస్ 1827లో దీని విత్తనములను బ్రిటనుకు చేర్చెను. ఆయన పేరే చెట్టునకు నిలిచినది. ముదిరిన చెట్లు 80 మీటర్లకు మించి పెరుగుటయు, 500 ఏండ్లు దాటి బ్రతుకుటయు కలదు. దీని సూదియాకు రెండు మూడు సెంటీమీటర్ల పొడవుండును. సూది యన్నను గుండ్రముగా నుండదు, బల్లపరుపుగా నుండును. దాని అడుగు భాగమున రెండు తెల్లని చారలు కలవు. ఆ చారలలో పత్రరంధ్రములు వరుసలు తీరియున్నవి. ఆకు తనకు వలసిన బొగ్గుపులుసు వాయువును ఆ రంధ్రముల గుండనే లోనికి తీసికొనును. ఈ చారలను గుర్తుంచుకొనుడు. కథ వీనికడకు మరల వచ్చును.

ప్రతి వసంతమునందును కొమ్మ చివరి మొగ్గ విచ్చి క్రొత్త రెమ్మ సాగును. మొగ్గను కప్పిన పొలుసులు రాలినచోట కొమ్మపై ఉంగరము వంటి గుర్తు నిలుచును. కొమ్మ చివరినుండి మొదటి ఉంగరము వరకు ఉన్నవి ఈ యేటి సూదులు. మొదటి ఉంగరమునుండి రెండవదాని వరకు ఉన్నవి నిరుటివి. ఆ వెనుకవి ముందటేటివి. డగ్లస్ ఫర్ సూది నాలుగైదేండ్లు నిలుచుట సామాన్యము. కొన్ని చోట్ల ఎనిమిదేండ్ల వరకును నిలుచును. బ్రిసిల్‌కోన్ పైన్ అను మరియొక చెట్టున ఒక్కొక్క సూది 30 ఏండ్లకు పైగా పచ్చగా నుండును. కావున ఒకే కొమ్మపై పసిబిడ్డయు, యువకుడును, ముసలివాడును వరుసగా కూర్చుండినట్లు వేరువేరు వయస్సుల ఆకులు దొరకును.

ఇక లోపల ఏమున్నదో తెలిసికొనుటెట్లు? ఆకు పైభాగమున గాలిలోని బూజుల సిద్ధబీజములు లెక్కకు మించి అంటియుండును. వానిని తొలగింపనిదే లోపలివారెవరో బయటివారెవరో తేలదు. అందుచే పరిశోధకులు సూదిని ముందు ఆల్కహాలులోను, పిదప బట్టల మరకలను పోగొట్టు సోడియం హైపోక్లోరైట్ ద్రవములోను కొలది నిముషములు ముంచి, శుద్ధజలముతో కడిగెదరు. పైనున్నవన్నియు చచ్చును, లోపలివానికి ఆ మందు చేరదు. ఆ సూదిని చిన్న ముక్కలుగా కోసి, మొలకెత్తించిన యవల సారమును, సముద్రపు నాచునుండి తీసిన అగారును కలిపి గట్టిపరచిన పళ్లెములపై నుంచుదురు. కొన్ని దినములకు, కొన్నింటికి కొన్ని వారములకు, కోసిన అంచులనుండి బూజు తంతువులు బయటికి వచ్చును. పైభాగము నిజముగా శుద్ధి యైనదా యను సందేహము తీర్చుకొనుటకు ఒక చక్కని ఉపాయము కలదు. కడిగిన సూదిని వేరొక పళ్లెముపై ఒక్క క్షణమొత్తి తీసివేయుదురు. ఆ ముద్రపడినచోట ఏమియు మొలవకున్నచో, ముక్కలనుండి వచ్చినదంతయు లోపలిదే.

ఈ పద్ధతికి లోపమును లేకపోలేదు. వడిగా పెరుగు బూజు మెల్లగా పెరుగుదానిని కప్పివేయును. పళ్లెముపై పెరుగుటకు ఒప్పుకొనని శిలీంధ్రములు అసలే కనబడవు. ఇప్పుడు సూదిలోని డి.ఎన్.ఏ.ను నేరుగా చదువు సాధనములు వచ్చిన పిమ్మట, పళ్లెములలో కనబడనివి ఇంకను ఎన్నో కలవని తెలిసినది. అయినను పళ్లెముల పద్ధతి చెప్పిన ముఖ్యవిషయము మారలేదు.

ఆ ముఖ్యవిషయమేమి? 1970 దశకమున ఆరెగాన్ శాస్త్రజ్ఞులు కొండలెక్కువారివలె త్రాళ్లు కట్టుకొని ఆ మహావృక్షముల శిరస్సుల వరకు ఎక్కి పరిశోధనలు చేసిరి. 1977లో బెర్న్‌స్టీన్, జార్జి కారొల్ అను నిరువురు వృద్ధములగు డగ్లస్ ఫర్ చెట్ల సూదులలోని శిలీంధ్రములను గూర్చి వ్రాసిరి. మొగ్గనుండి అప్పుడే వెలువడిన సూదిలో శిలీంధ్రము లేదు. కొన్ని గడ్డిజాతులలో శిలీంధ్రము విత్తనము ద్వారా తల్లినుండి బిడ్డకు సంక్రమించును. ఇచట అట్లు కాదు. సూది శుభ్రముగా పుట్టును. వానచుక్కలతో జారివచ్చు సిద్ధబీజములు దానిపై పడి, మొలచి, లోనికి చొచ్చును. ఒక ఏడు గడచిన కొన్ని సూదులలోను, రెండేండ్లు గడచిన మరికొన్నింటిలోను కాపురము ఏర్పడును. మూడు నాలుగేండ్లు దాటిన సూదులలో శిలీంధ్రము లేనిదానిని వెదకుట కష్టము. చెట్టు మాత్రము ఆరోగ్యముగానే యున్నది.

ఈ నివాసులలో మిక్కిలి ఎక్కువగా దొరకునది రాబ్డోక్లైన్ పార్కెరి. దానికి శాస్త్రీయముగా పేరుపెట్టి 1986లో వర్ణించిరి. దీని నడవడి మమ్ము ఆశ్చర్యపరచినది. సిద్ధబీజము మొలచి సూది పైపొరలోని ఒక కణమున ప్రవేశించును, ఆ ఒక్క కణమును నింపును, అచటనే ఆగిపోవును. ప్రక్క కణమునకు పోదు. రెండేండ్లు, మూడేండ్లు, కొన్నిచోట్ల ఐదేండ్లు ఆ ఒక్క గదిలోనే యుండును. ఏటేట వానలు మరికొన్ని సిద్ధబీజములను తెచ్చుటచే అట్టి గదుల సంఖ్య పెరుగును. గది మాత్రము పెరుగదు. తుదకు సూది ముసలిదై, పత్రహరితము తగ్గి, రాలుటకు సిద్ధమైనప్పుడు శిలీంధ్రము మేలుకొనును. తంతువులను ప్రక్క కణములలోనికి చాచి, స్వల్పకాలములో సూదినంతటిని ఆక్రమించి, సిద్ధబీజములను పుట్టించును. ఆ సిద్ధబీజములు మరల వానతో క్రొత్త సూదులను చేరును.

దీనికి దాయాది యగు మరియొక రాబ్డోక్లైన్ కలదు. అది కూడ అదే చెట్టు సూదులలోనే ప్రవేశించును. కాని ఓపిక లేదు. పడుచు సూదిలోనే వ్యాపించి, మచ్చలు పుట్టించి, అకాలమున రాల్చును. అడవి అధికారులు దానిని తెగులుగా ఎంచి జాగ్రత్తపడుదురు. కుటుంబము ఒకటే, ఇల్లు ఒకటే. ఒకటి వేచియుండును, మరొకటి వేచియుండదు. యూరపునందలి పైన్ సూదులలో కూడ ఇట్టి జంట కలదు. లోఫోడెర్మియం పైనాస్ట్రి అనునది ముదుసలి సూదులలో ప్రశాంతముగా నుండి, రాలిన పిదప వానిని కుళ్లబెట్టును. లోఫోడెర్మియం సెడిషియోసం అనునది నారుమళ్లలోని పిల్ల మొక్కల సూదులను రాల్చి నష్టపరచును. చాలకాలము ఈ రెంటిని ఒకటిగనే భావించిరి; 1978లో వానిని వేరు జాతులుగా నిర్ణయించిరి. అంతవరకు తప్పు చేయనిదానిపై గూడ నింద పడినదన్న మాట.

కాపురమున్నవారు అద్దె చెల్లింపవలదా? చెల్లించుచున్నారని కారొల్ అభిప్రాయపడెను. డగ్లస్ ఫర్ సూదులలో ఒక చిన్న ఈగ గ్రుడ్లు పెట్టును. దాని పురుగు సూదిలో బుడిపె కట్టి తినుచుండును. రాబ్డోక్లైన్ పార్కెరి ఆ బుడిపెలోనికి వ్యాపించినచోట్ల పురుగులు చచ్చుచున్నవని ఆయన గమనించెను. 500 ఏండ్లు బ్రతుకు చెట్టు తన గుణమును త్వరగా మార్చుకొనజాలదు. పురుగు ఏటికొక తరము చొప్పున మారుచుండును. చెట్టు సూదులలోని శిలీంధ్రములు కూడ త్వరగా మారుచుండును గనుక, పురుగుతో పోటీపడునవి అవియే యని ఆయన యూహ. కెనడా తూర్పు భాగమున తెల్ల స్ప్రూస్ సూదులలో దొరకిన మరియొక శిలీంధ్రము రుగ్యులోసిన్ అను విషమును చేయును. స్ప్రూస్ మొగ్గలను తిను పురుగుల పెరుగుదల దానివలన తగ్గుచున్నదని కనుగొని, నారుమళ్లలో మొక్కలకు ఆ శిలీంధ్రమును కావలెననియే ఎక్కించిరి. ఇది గట్టి నిదర్శనము. అయినను సూదిలోని ప్రతి నివాసియు చెట్టునకు మేలు చేయునని చెప్పుట తొందరపాటు. పెక్కింటి విషయమున మేలుగాని కీడుగాని ఋజువు కాలేదు. మిత్రుడు, శత్రువు అను రెండు మాటలతోనే లోకమును పంచుట మనకు అలవాటు. ఊరకే ఉండువాడను మూడవ మాటకు ఇచట చోటు కావలెను.

ఇప్పుడు ఆ తెల్లని చారల మాట. డగ్లస్ ఫర్ యూరపునకు పోయి తోటలుగా పెరిగిన పిమ్మట, 1925లో స్విట్జర్లండులో ఆ చెట్ల సూదులు పచ్చబారి రాలుచుండుట కనుగొనిరి. స్విస్ సూదిరాలు తెగులని దానికి పేరు వచ్చినది. స్విస్ శాస్త్రజ్ఞుడగు గాయ్‌మన్ పేరు ఆ శిలీంధ్రమునకు నిలిచినది. వింత యేమనగా అది స్విట్జర్లండు వాసి కాదు. చెట్టుతోపాటు అమెరికానుండి వచ్చినదే. సొంత గడ్డపై అది ఎవరికిని బాధ కలిగింపలేదు గనుక ఎవరును దానిని పట్టించుకొనలేదు.

ఈ శిలీంధ్రము సూదిలోని కణములను చంపదు. కణముల మధ్య సందులలో ప్రాకుచుండును. వసంతమున, వేసవి మొదట క్రొత్త సూదిలో ప్రవేశించి, పెరిగి, సిద్ధబీజములను విడుచుటకు నల్లని చిన్న పండ్లను కట్టును. ఆ పండ్లు ఎచట కట్టును? సరిగా పత్రరంధ్రముల నోటిలో. ఒక పండు ఒక రంధ్రమును మూసివేయును. తెల్లని చారలపై నల్లని చుక్కలు వరుసలు తీరును. ఏడు గడచిన కొలది మూతలు ఎక్కువగును. ఇంచుమించు సగము రంధ్రములు మూతపడుసరికి సూదికి బొగ్గుపులుసు వాయువు చాలక, ఆహారము తయారు చేసికొనలేక రాలిపోవును. విషము లేదు, గాయము లేదు, ఊపిరాడకపోవుట మాత్రమే.

పూర్వము సొంత అడవిలో ఈ నల్లచుక్కలు మూడేండ్లు దాటిన సూదులలోనే విశేషముగా కనబడుచుండెడివి. అప్పటికి ఆ సూది తన పనిని చాలవరకు ముగించియుండును. మంచు, వాన, వెచ్చని శీతకాలము గల తీరప్రాంతమున శిలీంధ్రము వడిగా పెరిగి, ఒక ఏటి సూదిలోనే పండ్లు కట్టును. చెట్టునకు నాలుగేండ్ల సూదులుండవలసినచోట ఒకటి రెండేండ్లవి మాత్రమే మిగులును. ఆరెగాన్ సముద్రతీరమున వెనుక హెమ్లాక్, సిట్కా స్ప్రూస్ చెట్లు ఎక్కువగా నుండెడివి. వానిని నరికి, కలపకు మంచి ధర గల డగ్లస్ ఫర్‌ను వరుసలుగా నాటిరి. 1990 దశకమునకు ఆ తోటలు పసుపువన్నెకు తిరిగినవి. 1996 నుండి విమానములనుండి చూచి తెగులు వ్యాపించిన మేరను గుర్తించుచు వచ్చిరి. ఆ తీరపు ఉత్తరభాగమున 10 నుండి 30 ఏండ్ల వయస్సుగల తోటలలో, ఆ 1996వ యేట, కలప పెరుగుదల సగటున 23 శాతము తగ్గినదని లెక్క తేల్చిరి. మిక్కిలి చెడినచోట్ల సగమునకు పైగా తగ్గినది. శిలీంధ్రము క్రొత్తగా వచ్చినది కాదు, దాని స్వభావము మారలేదు. మూడేండ్లకు జరుగవలసినది ఒక ఏటికే జరిగినది, అంతే. ఆ తోటల యజమానులును, అడవి శాస్త్రజ్ఞులును నేటికిని కొమ్మపై ఎన్ని ఏండ్ల సూదులు మిగిలినవో లెక్కించియే చెట్టు ఆరోగ్యమును అంచనా కట్టుచున్నారు. పైన మనము నేర్చుకొనిన ఉంగరముల లెక్కయే అది.

సూది రాలినంతమాత్రమున దాని ఆయువు తీరలేదు. ఇంగ్లండులోని ఒక పైన్ అడవిలో కెండ్రిక్, బర్జెస్ అనువారు రాలిన సూదుల కథను అనుసరించి 1962లో ప్రకటించిరి. పైన పరచుకొనిన పొరలో సూది సుమారు 6 నెలలు, దాని క్రింది పొరలో 2 ఏండ్లు, ఆ క్రింద 7 ఏండ్లు గడపి, ఆ పిమ్మట గుర్తుపట్టరాని నల్లమట్టి యగును. చెట్టుపై నున్నప్పుడే లోపల చేరిన శిలీంధ్రములు ముందుగా పంక్తిలో కూర్చుండును. వాని వెనుక నేలలోని శిలీంధ్రములు, వాని వెనుక చిన్న పురుగులు వచ్చును. రాలిన పైన్ సూదులపై కొన్నిచోట్ల అడ్డముగా సన్నని నల్లగీతలు కనబడును. అవి లోఫోడెర్మియం పైనాస్ట్రి పెట్టిన గోడలు. గోడకు ఆవల ఒక కాపురము, ఈవల వేరొక కాపురము. వానిని చూచుటకు సూక్ష్మదర్శిని అక్కరలేదు.

సూదియాకు చెట్టు లేని ఊరివారికి ఇదంతయు ఎందులకని తోచవచ్చును. ఈ కాపురములు సూదియాకులకు మాత్రమే పరిమితములు కావు. చెన్నై పరిశోధకులు వేపాకులనుండి ఇట్టి శిలీంధ్రములను వేరుచేసిరి. 2004లో దేవగన్నేరు ఆకులపై వారు ప్రకటించిన పరిశోధనలో ముదురు ఆకులందే ఎక్కువ శిలీంధ్రములు దొరకినవి. డగ్లస్ ఫర్ సూదిలో ఏండ్ల మీద జరుగునది ఇచట నెలల మీద జరుగుచున్నదన్న మాట.

మన బడి ఆవరణలో గాని, గుడి ముంగిట గాని దేవగన్నేరు చెట్టున్నచో ఒక పని చేయుడు. క్రొత్తగా విచ్చిన ఆకు కాడకు ఒక రంగు దారము కట్టుడు. నెలకొకటి చొప్పున కొత్త ఆకులకు వేరు రంగుల దారములు కట్టుచు పొండు. ఆకు రాలిన దినమున దానిని తడిగుడ్డలో చుట్టి, గాజు సీసాలో మూతపెట్టి వారము దినములు ఉంచుడు. ఏ వయస్సు ఆకుపై ముందుగా బూజు వచ్చినదో చూడుడు. బయటి బూజును లోపలిదానిని వేరుచేయుట మన కిచట సాధ్యము కాదు గనుక దీనిని ఋజువని చెప్పరాదు. చూపు అలవడుటకు మాత్రము చాలును. సీసా మూతను తరగతిలో తెరువవలదు. దారము కట్టిన తేదీని నోటుపుస్తకమున వ్రాయుట మరువవలదు.